తోక చక్రం విమానం

"రాళ్ల మీద దిగాలంటే ఇదే నయం లోర్నా. మూడో చక్రం తోక కింద ఉంది. ముక్కు కింద ఉంటే రాళ్లకు తగిలి విరుగుతుంది," అన్నాడు పాత విమానాలమ్మే హార్లన్.

లోర్నా పెద్ద టైరును నొక్కి చూసింది. అలాస్కాలో ఆమె ఊరికి రోడ్డు లేదు. విమానాలు ఏటి ఒడ్డున గులకరాళ్ల మీదే దిగాలి. పోయిన నెల అక్కడే ముందు చక్రం విరిగి, ఆమె భర్త వాసిలీ చనిపోయాడు.

"వాడికి అది అమ్మింది నేనే. గట్టిగా వద్దనాల్సింది," అన్నాడు హార్లన్ తల దించుకుని.

"మీరు వద్దనే అన్నారంట. ఆయనకీ ఇలాంటిదే కావాలని ఉండేది. ముందు చక్రం ఉన్నదైతే నడపడం తేలిక, నేనూ నేర్చుకుంటానని పట్టుబట్టింది నేను."

ఆమె కళ్లు తడవలేదు.

హార్లన్ విమానం తలుపు తెరిచాడు. "ఇది నేర్చుకోవడం కష్టమమ్మా."

"ఆయన పోయాక ఊరికి మందులు తెచ్చేవాళ్లు లేరు," అంటూ లోర్నా ముందు సీట్లోకి ఎక్కింది. "నేర్పడం మొదలుపెట్టండి."