వెనక వరస ప్రశ్నలాయన

"ఇంతకీ పిల్ల పేరేమిటండీ?" కౌంటర్ అక్కయ్య మూడోసారి అడిగింది.

"తర్వాత చూద్దాం లెండి. ముందు లోపల ఏం చెబుతున్నారో విననివ్వండి," అంటూ ఆ పెద్దాయన ఫారం మడిచి జేబులో పెట్టుకుని హాల్లోకి దూరిపోయాడు.

ఆ పిల్లల కేంద్రంలో పేర్లు రాసుకునేది కౌంటర్ అక్కయ్యే. ఆవిడకి ఆ పిలుపు పిల్లలు పెట్టింది, అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆవిడే పలకదు. మొహం చూసి ఏ పిల్ల ఎవరి తాలూకో చెప్పేయగలనని ఆవిడకి మహా నమ్మకం. ఈయన మాత్రం అంతుపట్టలేదు. వెంట పిల్లా లేదు, పక్కన భార్యా లేదు. కుతూహలం ఆపుకోలేక ఆవిడా వెళ్లి హాలు గుమ్మంలో నిలబడింది.

వేసవి రోబో శిబిరం సోమవారం మొదలవ్వాలి. పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికెళ్లిపోయే శిబిరం. పిల్లల్నీ, వాళ్లకంటే ముఖ్యంగా తల్లిదండ్రుల్నీ అందుకు సిద్ధం చేయడానికే ఇవాళ్టి సమావేశం. పన్నెండయ్యేలోపు పదిహేను ఫారాలు రాకపోతే శిబిరం రద్దని మేనేజరు తేల్చి చెప్పేశాడు. శిబిరం లేకపోతే కొత్త టీచరుకి ఉద్యోగమూ లేదు. పదకొండు దాటి పావుగంటైంది, వచ్చినవి నాలుగు.

టీచరుకి ఇరవై రెండేళ్లుంటాయేమో. బోర్డు మీద 'బూట్లు, నీళ్ల సీసా, తిండి డబ్బా' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఇటు తిరిగింది.

"ఎవరికైనా సందేహాలున్నాయా అండీ?"

ఈ పిల్లా మన పిల్లలకి నేర్పేది అన్న అనుమానం ప్రతి మొహంలోనూ ఉంది. నోరు విప్పడానికే మొహమాటం. కొందరు ఫోన్లు తీసుకున్నారు, ఒకాయన కుర్చీలోంచి సగం లేచాడు.

అప్పుడే వెనక వరసలోంచి పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమ్మా, నువ్వే ఇంకా కాలేజీ పిల్లలా ఉన్నావు. నీకేం వచ్చని పిల్లల్ని అప్పజెప్పాలి?"

అక్కయ్య నాలిక కరుచుకుంది. ఈ ముక్కోపి మనిషిని నేనే లోపలికి పంపానే అని తనని తాను తిట్టుకుంది.

"ఇది నేను చేసిందే సార్," అంటూ టీచరు బల్ల మీదున్న చిన్న రోబో బండి మీట నొక్కింది. బల్లకి అంటించిన నల్ల టేపునే చూసుకుంటూ బండి బుద్ధిగా కదిలింది. మలుపు దగ్గర దారి తప్పి, తిన్నగా వెళ్లి దభీమని కింద పడింది.

"పడిపోయింది," అన్నాడు ప్రశ్నలాయన, అదేదో ఎవరికీ కనపడనట్టు.

ముందు వరసలో ఒక చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. టీచరు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ గొంతు మాత్రం గట్టిపడింది.

"సోమవారం కూడా పడుతుంది సార్. ఎందుకు పడిందో కనుక్కోవడమే మా మొదటి పాఠం. నవ్విందెవరు? నువ్వేనా? ఇలా రా తల్లీ, ఎందుకు పడిందో చూడు."

ఆ పిల్ల బల్ల అంచుకి గడ్డం ఆనించి చాలాసేపు చూసింది.

"ఇక్కడ టేపు ఊడిపోయింది. దీనికి దారి కనపళ్లేదు!"

వేలితో నొక్కి అంటించి, తనే మీట నొక్కింది. బండి మలుపు తిరిగింది. పిల్ల తల్లి ఫోను ఒళ్లోంచి జారిపోయినా చూసుకోకుండా ముందుకి వంగింది. ఇందాక సగం లేచినాయన మళ్లీ కూర్చున్నాడు.

ప్రశ్నలాయన వదిలితేగా!

"స్క్రూడ్రైవర్లు కూడా ఇస్తావా? గుచ్చుకుంటే?"

"ఒకరిద్దరికి గుచ్చుకుంటుంది సార్. నాకు ఆరేళ్లప్పుడు గుచ్చుకుంది. మా నాన్న మందు రాసి, మళ్లీ స్క్రూడ్రైవరే చేతిలో పెట్టారు. ఎలా పట్టుకోవాలో నేర్పాకే ఇస్తాను. పక్కనే ఉంటాను."

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. "మరి... మేమూ పక్కన కూర్చుని సాయం చేయొచ్చా?"

"వద్దు సార్. గేటు దగ్గర దింపి వెళ్లిపోవాలి. పెద్దవాళ్లు వెనక నిలబడి చూస్తుంటే పిల్లలకి చేతులు వణుకుతాయి." టీచరు సూటిగా ఆయన వైపే చూసింది. "నాకే వణుకుతున్నాయి."

హాలంతా గొల్లుమంది. పిల్ల తల్లి వెనక్కి తిరిగి, "ఇంక కూర్చోండి బాబూ! ఆ అమ్మాయిని ఎందుకలా కాల్చుకు తింటారు?" అని కసిరింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, పెన్నుల కోసం కొట్టుకున్నంత పని చేశారు. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా అక్కయ్య లెక్కపెట్టింది. పదిహేడు ఫారాలు!

తలెత్తేసరికి ప్రశ్నలాయన చప్పుడు చేయకుండా బయటికి జారుకుంటున్నాడు. అక్కయ్య పరుగున వెళ్లి మెట్ల మీద పట్టుకుంది.

"ఏమండీ! అందరి ముందూ ఆ పిల్లని అన్ని మాటలని, ఇప్పుడు ఫారం ఇవ్వకుండానే పోతున్నారా?"

"అందరి కడుపులో ఉన్నవే నేను అడిగానమ్మా. ఎవరో ఒకరు పైకి అనకపోతే, తను జవాబు చెప్పేదెలా?" ఆయన మొహం వెలిగిపోతోంది. "ఎన్నొచ్చాయి?"

"పదిహేడు. మీది కలిస్తే పద్దెనిమిది."

"చాలు, చాలు. ఇటు రావద్దని వందసార్లు చెప్పినా వచ్చాను. సాయంత్రం ఇంట్లో నాకు చీవాట్లు తప్పవు."

"ఎవరు, మీ ఆవిడా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇందాక బోర్డు దగ్గర నిలబడి నన్ను ఉతికి ఆరేసిన మా అమ్మాయి."