మిగిలిన మాట

ఆ రాత్రి రాజాం కాలేజీ ల్యాబులో సింధూరి ఒక్కతే ఉంది. ఆమె, ధనరాజ్ కలిసి ప్రాజెక్టు కోసం ఓ చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశారు. ఖాళీలున్న వాక్యం ఇస్తే, వాటిని నింపి తెర మీద చూపించే ఫంక్షన్ ధనరాజ్‌ది. ‘చెప్పు’ అనే మాటనే తన యాసలో ‘సెప్పు’ అని దానికి పేరు పెట్టుకున్నాడు. భావనపాడు సముద్రం అతన్ని లాక్కుపోయి నెల కూడా కాలేదు. శవం దొరకలేదు. కోడులో పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని సారు పట్టుబట్టడంతో, ఆ పేరు ఇప్పుడే చెరిపేసి ఇంగ్లీషు పేరు పెట్టింది సింధూరి.

పని చేస్తుందో లేదో చూద్దామని ఒక వాక్యం ఇచ్చింది. ఖాళీలో నింపాల్సింది ఇవ్వడం మరిచిపోయింది. అలాంటప్పుడు తెర మీద అర్థంపర్థం లేని అక్షరాలు రావాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వచ్చింది.

“సింధూరీ, సలేస్తన్నాది. కొంచిం”

అక్కడితో తెగిపోయింది. ఇంకెన్ని అక్షరాలు మిగిలాయో కింద అంకె ఉంది. అది ధనరాజ్ పెట్టిన పద్ధతే. “సోటు సాలక మాట నరికీసినా, ఇంకెంతుందో సెప్పాలే,” అనేవాడు.

కోడంతా వెతికింది. ఆ మాటలు ఎక్కడా లేవు. ఆపేసి వెళ్ళిపోవాల్సింది. కానీ మిగిలిన మాట చూడకుండా ఉండలేక, చోటు పెంచి మళ్ళీ నడిపింది.

“సింధూరీ, సలేస్తన్నాది. కొంచిం జరుగు, కూకుంటాను.”

కింద సున్నా. మాట పూర్తయింది.

సింధూరి తల తిప్పలేదు. పక్క కుర్చీ కిర్రుమంది. దాని కింద, నేల మీద, నీళ్ళు బొట్లు బొట్లుగా పడసాగాయి.