మంచులో నీలం

"ఈ మంచు విడుస్తుందా, విడవదా? ఏదో ఒకటి చెప్పండి!" నాన్నని అల్లంత దూరాన రెయిలింగు దగ్గర నిలబెట్టి వచ్చి, గొంతు తగ్గించి గైడు మీద పళ్లు నూరాను.

"మంచు నా మాట వింటుందా మేడమ్?" అన్నాడతను.

నేషనల్ పార్కులో కొండ చివర నిలబడ్డాం. కింద సముద్రం ఉందట. తెల్లటి పొగమంచు తప్ప నాకేమీ కనబడలేదు.

నాన్న చూపు నెలాఖరుదాకా ఉంటే గొప్పేనన్నాడు డాక్టరు. ఈలోపు ఆయనకోసారి సముద్రం చూపించాలని, మేనేజరు కాళ్లావేళ్లా పడి ఒక్కరోజు సెలవు తెచ్చుకున్నాను. మళ్లీ సెలవు దొరికేసరికి ఆ చూపుండదు.

నాన్న జీవితమంతా సైన్‌బోర్డులు రాసిన మనిషి. పొద్దున బస్సు దిగినప్పటినుంచీ నా భుజం మీద చెయ్యేసుకునే నడుస్తున్నారు. ఎన్నడూ లేనిది ఇంత ప్రేమేమిటా అని మురిసిపోయాను.

నాన్న పక్కకెళ్లగానే ఆయన చెయ్యి మళ్లీ నా భుజం మీదికొచ్చింది. "నాన్నా, మన ఖర్మ చూడు..." అనబోయాను.

ఆయన అప్పటికే మంచుకేసి ముఖం పెట్టి నవ్వుతున్నారు.

"అబ్బ, ఏం నీలమే తల్లీ! ఎన్ని డబ్బాలు కలిపినా నాకీ రంగు రాలేదు. చూపించావు, చాలు."

తెల్లటి మంచుకేసి చూశాను, తర్వాత నా భుజం మీది ఆయన చేతికేసి చూశాను.

"అవును నాన్నా, భలే నీలం," అన్నాను చివరికి. "ఇక పద. ఇక్కడ మెట్టుంది, కాలు కాస్త కిందికి పెట్టు."

నా భుజం మీద ఆయన వేళ్లు ఒక్కసారిగా బిగుసుకున్నాయి.