బిగుసుకున్న తలుపు

మా నీగాతా కొండల్లో మంచుకు సముద్రపు తేమ ఎక్కువ. మోకాలెత్తు పడితే చాలు, వేరేచోట నడుమెత్తు పడిన మంచుతో సమానంగా తూగుతుంది. అందుకే మేం కొలబద్దను నమ్మం. గదుల మధ్య జారుడు తలుపు బిగుసుకుందంటే కప్పు మీద బరువు పెరిగిందని లెక్క. వెంటనే ఎక్కి దించాలి.

చీకటి పడేసరికి షిగెనో అవ్వ ఇంటి కప్పంతా ఊడ్చి దిగాను. లోపలికొచ్చి తలుపు లాగితే కదల్లేదు.

"కాస్త మిగిల్చావేమో, కెన్సాకూ."

"రేకు కనబడుతోందవ్వా. చారెడు కూడా లేదు."

అవ్వ టీ పోస్తూ అడిగింది. "నీతో ఎక్కినాయన ఇంకా దిగలేదేం? చలికి బిగుసుకుపోతాడు."

"నేనొక్కణ్ణే ఎక్కాను."

గుమ్మం మీది దూలం కిర్రుమంది. కాసేపటికి దాని పక్క దూలం కిర్రుమంది. ఆ తర్వాత, మా నెత్తిమీదిది.