మోటరు మార్పు

కందకుర్తి రేవు పడవకు పెద్ద మోటరు కావాలని కొట్లాడి దొర మెడలు వంచాం. పాతది ఇచ్చి కొత్తది తెస్తానని, దాన్ని విప్పించుకుని జీపులో నిజామాబాద్ పోయిన దొర మూడు రోజులైనా రాలేదు.

ఇవాళ గోదావరి పొంగింది. పడవ నడిపే బాలనర్సయ్య భార్య లింగవ్వ, నది నడుమ దిబ్బ మీద మేకలతో చిక్కుకుంది. నీళ్లు దిబ్బను సగం మింగాయి. ఆమె కొంగు ఊపుతోంది.

"దొరలకు మన పానాలంటే లెక్కనే లేదు!" అని అరిచాను. "మోటరు లేకుంటేంది నర్సన్నా, తెడ్లు తియ్. నేను గూడ వస్త."

అతను దిబ్బ మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఏడున్నయ్ తమ్మీ? దొర ఒప్పుకున్న దినం, ఇవి బానిస కట్టెలని మీటింగుల నువ్వే కాలవెడితివి గదా."