తెల్లరాయి ఇల్లు

మర్డో తాత ఒంటికాలి బూటుతో సత్రంలోకి వచ్చాడు.

"ఏం తాతా, రెండోది ఊబికి కానుకిచ్చారా?" అంటూ ఫెర్గస్ నెగడి దగ్గర చోటిచ్చాడు. పొద్దున్నుంచీ కొండలూ బీళ్లూ నడిచొచ్చిన ఆ కొత్త జంటకి, అతనికీ ఐలీకీ, ఏది చూసినా నవ్వే.

"నలభై ఏళ్లుగా ఈ దారి నడుస్తున్నాను బాబూ. పొగమంచు కమ్మితే దారి పక్క రాళ్లకుప్పలే మాకు కళ్లు. ఇవాళ కొత్త కుప్ప కనిపించింది. దారి మార్చారు కాబోలనుకుని అటు వెళ్లాను. ఊబిలో నడుం దాకా దిగిపోయాను."

ఐలీ సూప్ గిన్నె కింద పెట్టేసింది. "ఎలా ఉంది తాతా, ఆ కుప్ప?"

"మోకాలెత్తుంది. పైన ముద్దుగా తెల్లరాయొకటి."

ఆ రాయిని వాగులోంచి ఏరుకొచ్చింది ఫెర్గసే. సరదాకి ఇద్దరూ పేర్చిన ఆ కుప్పకి 'మన ఇల్లు' అని ఐలీ పేరు పెడితే, దాని ముందు నిలబడి ఫోటో కూడా తీసుకున్నారు.

"పిల్లలెవరో పేర్చుంటారు" అన్నాడు ఫెర్గస్, నిప్పుల్లోకి చూస్తూ.

"అయ్యుంటుంది. పసివాళ్లకేం తెలుసు పాపం!"

ఆ 'పాపం' ఐలీకి చెంపదెబ్బలా తగిలింది.

"పిల్లలు కాదు తాతా. మేమే."

తాత తడిసిన మేజోడు విప్పి పిండాడు. తర్వాత, "తెల్లారకముందే గొర్రెలవాళ్లు అటే వస్తారమ్మా" అని మాత్రం అన్నాడు.

బయట పొగమంచు విడిపోయింది. వేసవి వెలుతురు ఇంకా రెండు గంటలుంటుంది. ఐలీ తడి బూట్లు తొడుక్కుంది.

"ఎక్కడికి?" అన్నాడు ఫెర్గస్.

"మన ఇల్లు కూల్చడానికి."

అతను తలెత్తకుండానే తన బూట్లు దగ్గరికి లాక్కున్నాడు.