తిప్పయ్య చిన్నకొడుకు సీటు

“ఇంగెన్ని సీట్లుండాయి బాషా?”

పొద్దున్నుంచి తిప్పయ్య ఇదే మాట అడుగుతున్నాడు. కాలేజీ ప్రిన్సిపాల్ గది తలుపు దగ్గర నిలబడ్డ జవాను జిలాన్ బాషాకు ఈపాటికి విసుగు రావాలి. రాలేదు. ఆ మనిషిని అతను మరిచిపోలేదు.

“రెండో మూడో ఉంటాయన్నా. మీవోన్ని ఇంగా పిలవనే లేదు గదా, కుచ్చో.”

“శానామంది వచ్చినారు గదప్పా?”

“చూస్తాండావు గదా! వరండా చాలక చెట్ల కింద గూడా కూచున్యారు. పీయూసీ సైన్సు సీటంటే ఏమనుకున్యావు? పదిమంది వస్తే ఒకనికి దొరికేది గగనం.”

“మార్కులు తక్కువుంటే ఇయ్యరు గదా?”

ఆ గొంతులో వణుకు వినేసరికి బాషాకు పాత సంగతి కళ్ళముందు కదిలింది.

ఆరేళ్ళ కిందట, యాభై ఏడులో, ఈ తిప్పయ్యే గుమ్మఘట్ట నుంచి పెద్దకొడుకు ఓబుళేసును ఇలాగే ఇంటర్వ్యూకు తీసుకొచ్చాడు. పిల్లవాడు లోపలికి పోయి, బయటికొచ్చి, స్తంభానికి ఆనుకొని ఏడ్చాడు. అప్పటి ప్రిన్సిపాల్ ఎవరినైనా ఏడిపించే రకమే. అప్పట్లో సీటు ఎవరికొచ్చిందీ ఎవరికి రానిదీ ఇక్కడ చెప్పేవారు కాదు, తర్వాత ఇంటికి కార్డు రాసేవారు. నెల తిరక్కముందే బాషా గుమ్మఘట్టకు, అత్తగారింటికి పోయినప్పుడు సంతలో ఎవరో అన్నారు, తిప్పయ్య పెద్దకొడుకు జ్వరమొచ్చి పోయినాడని.

జ్వరమట, జ్వరం! సీటు రాని పిల్లవాడికి వచ్చే జ్వరం ఎలాంటిదో బాషాకు తెలియదా? అప్పటినుంచి ప్రతి ఏడూ ఇంటర్వ్యూల రోజు అతనికి గండమే. పేర్లన్నీ పిలవడం అయిపోయాక కూడా ఆ స్తంభం దగ్గర ఒకడు మిగిలిపోయినట్టే ఉంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. భార్య మదీనాబీ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఏం లాభం? ఈ పొద్దు వాడు మళ్ళీ కనబడ్డాడు. కళ్ళు నులుముకొని చూసినా పోలేదు. పోవడానికి అది దయ్యం కాదు, తమ్ముడు సుంకప్ప. అదే ముక్కు, అదే మొహం, అన్నను అచ్చు గుద్దినట్టున్నాడు.

“భయమైతాండాదా అన్నా?” బాషా మెల్లగా అడిగాడు.

“భయం గాక ఏముంటాది? వద్దురా అంటే ఇన్లేదు. అన్నం మానేసినాడు. ఒక్కసారి పోయొస్తా నాయనా, రాకపోతే మల్ల ఆ మాటెత్తను అన్యాడు. సరేలే అని పిల్చకొస్తి.” తిప్పయ్య వరండా పొడుగునా చూశాడు. “సాయంత్రానికి ఈ పిల్లోళ్ళంతా ఏడుసుకుంటా ఇండ్లకు పోతారు. ఇంతమంది ఉసురు ఊరకనే పోతాదా బాషా? యాడో ఒకచోట తగలాల్సిందే. మా పెద్దోడు...”

బాషా తల వంచుకున్నాడు. ఆ ఉసురు తనకే తగిలిందని అతనికి ఏనాడో నమ్మకం. తలుపు తీసేదీ మూసేదీ తనే కదా మరి.

సుంకప్ప లోపలికి పోయి వచ్చాడు. పొద్దు వాలింది. బాషా కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, పోకుండా అక్కడే నిలబడ్డాడు. ఇప్పటి ప్రిన్సిపాల్ పోయినేడు గోదావరి వైపునుంచి బదిలీ మీద వచ్చినవాడు, మెత్తని మనిషి.

“ఏమిటి బాషా?”

“ఆ గుమ్మఘట్ట పిల్లోడు సార్...”

“ఇంకొక్క సీటే ఉంది. యాడికి అనే ఊరి నుంచి వచ్చిన కుర్రాడికి ఇతనికంటే మార్కులెక్కువ. ఏం చెయ్యను?”

“ఆ పిల్లోని అన్న ఈడ్నే సీటు రాక, ఆ దిగులుతోనే సచ్చిపోయినాడు సార్. వాళ్ళ నాయనకు ఉండేది ఇంగ వీడొక్కడే.”

ప్రిన్సిపాల్ ఎత్తిన గ్లాసు దించేశాడు. “నీకు సరిగ్గా తెలుసా?”

“అల్లా మీద ఒట్టు సార్!”

ఆయన బల్లమీది జాబితా దగ్గరికి లాక్కున్నాడు. “మార్కులు ఏటా వస్తాయి. పోయిన పిల్లవాడు రాడు. సరే, ఇతన్నే తీసుకుందాం. ఆ యాడికి అబ్బాయి సంగతి వచ్చే ఏడు చూద్దాం. వెళ్ళి పేర్లు పిలువు.”

బాషా ఒక్క అంగలో వరండాలోకి వచ్చి పడ్డాడు. సీట్లొచ్చినవాళ్ళ పేర్లు గొంతెత్తి పిలిచాడు. ఆఖరున, అందరికంటే గట్టిగా, “గుమ్మఘట్ట సుంకప్పా!” అన్నాడు. సుంకప్ప ఎగిరి గంతేశాడు. యాడికి పిల్లవాడు ఇంకో పేరుందేమోనని బాషా నోటివైపే చూస్తూ నిలబడ్డాడు. లేదని తెలిశాక చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగాడు.

బాషా అదేమీ పట్టించుకోలేదు. ఆరేళ్ళుగా గుండెల మీద కూర్చున్న బండ దిగిపోయింది. పరుగున పోయి తిప్పయ్య చేతులు రెండూ పట్టుకున్నాడు.

“వచ్చింది తిప్పయ్యన్నా! మార్కులు తక్కువైనా నేనే సారు కాళ్ళా యేళ్ళా పడి ఇప్పిస్తి. పెద్దోనికి చేయలేంది చిన్నోనికన్నా చేసినా. ఇంగ నువ్వు నిమ్మళంగా ఉండు.”

తిప్పయ్య కొడుకు వైపు చూడలేదు. ఏడుస్తూ గేటు దాటుతున్న యాడికి పిల్లవాణ్ణే చూస్తున్నాడు. అక్కడే కూలబడ్డాడు.

“ఎంత పని చేసినావప్పా! మార్కుల్లేవు, వీనికి రాదులే అనే ధైర్యంతోనే గదా పిల్చకొస్తి...”

“అదేందన్నా, అట్లంటావు?”

“మా పెద్దోనికి గూడా సీటొచ్చింది బాషా.”